ఈజిప్టు గెలిచిన అమ్ర్‌ను గవర్నర్ పదవి నుంచి ఎందుకు తీసేశారు?

ప్రశ్న (హనుమకొండ):
గ్రూప్స్‌కు చదువుతున్నా. రాత్రి మా రూమ్‌లో దీని మీదే పంచాయితీ. అరబ్బు సేనాని అమ్ర్ ఇబ్న్ అల్-ఆస్ సుమారు 4,000 మందితో 639 చివర్లో ఈజిప్టులో దిగాడు. 641లో ఇప్పటి కైరో దగ్గరి బాబిలోన్ కోట, 642లో అలెగ్జాండ్రియా చేతికొచ్చాయి. అంత గెలిచినవాడిని ఖలీఫా ఉస్మాన్ ఎందుకు పక్కన పెట్టాడు? సొంత మనిషికి పోస్టు ఇచ్చుకున్నాడు, అంతే అంటాడు మా రూమ్మేట్.

జవాబు (మండిబజార్, వరంగల్):
మీ రూమ్మేట్ చెప్పింది సగం కరెక్టే అన్నా. కొత్త గవర్నర్ అబ్దుల్లా ఇబ్న్ సాద్ పాల వరుసలో, అంటే ఒకే తల్లి పాలు తాగిన లెక్కన, ఉస్మాన్‌కు సోదరుడు. కానీ ఆయన్ను ఎగువ ఈజిప్టు మీద పెట్టింది మాత్రం అంతకుముందున్న ఖలీఫా ఉమర్.

జవాబు (కరీంనగర్, రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్):
తమ్మీ, బంధుత్వం సరే, అసలు గొడవ పైసల దగ్గర ఉంది. ఈజిప్టు అంటే ధాన్యం, పన్ను. నైలు నుంచి ఎర్ర సముద్రానికి ఉన్న పాత కాలువను అమ్ర్ తవ్వించింది ఖలీఫా రాజధాని మదీనాకు ధాన్యం పంపడానికే. ఆ రోజుల్లో లెక్కలు ఎలా నడిచాయో చూడాలంటే 643 నాటి ఒక రసీదు వియన్నాలో భద్రంగా ఉంది. సైన్యం కోసం తీసుకున్న 65 గొర్రెలను ఆ ఊరి పన్నులో జమ కట్టుకున్నారు. గ్రీకులో, అరబ్బీలో రెండింట్లోనూ రాశారు!

శిస్తు తక్కువగా వస్తోందని ఉమర్ కూడా ఊరుకోలేదు. మనిషిని పంపి అమ్ర్ ఆస్తిలో సగం జప్తు చేయించాడు. తర్వాత ఉస్మాన్ ఆయన్ను తప్పించాడు. ఇంతలో 645లో ఈజిప్టు పాత పాలకులైన బైజాంటైన్ (తూర్పు రోమన్) వారి నౌకలు వచ్చి అలెగ్జాండ్రియాను పట్టుకున్నాయి. మళ్లీ అమ్రే దిక్కయ్యాడు, మరుసటి ఏడే వెళ్లగొట్టాడు. అప్పుడు ఉస్మాన్ ఒక బేరం పెట్టాడు: సైన్యం నీది, శిస్తు అబ్దుల్లాది. మన ఊళ్లలో పోలీసు పటేల్ వేరు, మాలీ పటేల్ వేరు ఉండేవారు చూడు, అట్లా. అమ్ర్ ఏమన్నాడో అరబ్బు చరిత్రకారులు రాశారు: "ఆవు కొమ్ములు నేను పట్టుకుంటే పాలు ఇంకొకరు పిండుకోవాలా?" వద్దని వెళ్లిపోయాడు.

అబ్దుల్లా వసూళ్లు పెంచాడు. నువ్వు పోయాక ఒంటె ఎక్కువ పాలిస్తోందని ఉస్మాన్ దెప్పితే, దాని పిల్లల కడుపు మాడ్చారు కాబట్టి అన్నాడట అమ్ర్. ఆయన నోటికి తిరుగులేదు. అయితే పాపం అనుకోవద్దు. 657లో ఖలీఫా అలీకి, సిరియా గవర్నర్ ముఆవియాకు మధ్య జరిగిన సిఫ్ఫీన్ యుద్ధంలో ముఆవియా వైపు నిలబడ్డాడు. బదులుగా అడిగింది ఈజిప్టే. 658లో మళ్లీ గెలుచుకున్నాడు. సైన్యం జీతాలు పోను మిగిలిన శిస్తంతా ఆయనకే అన్న ఒప్పందం మీద, 664 ప్రాంతంలో చనిపోయేదాకా గవర్నర్‌గానే ఉన్నాడు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్యూ సార్. అలెగ్జాండ్రియా లైబ్రరీని తగలబెట్టించింది ఈయనేనా?

జవాబు (కరీంనగర్):
ఆ కథ 13వ శతాబ్దపు రాతల్లో గానీ కనపడదు. ఏడో శతాబ్దంలోనే ఈజిప్టులో బతికిన బిషప్ జాన్, అమ్ర్ పన్నులను బాగా తిట్టాడు కానీ చర్చిల ఆస్తి ముట్టలేదని రాశాడు. లైబ్రరీ ఊసే ఎత్తలేదు. ఇంటర్వ్యూలో అడిగితే ధైర్యంగా ఇదే చెప్పు.