ఆఫ్రికన్ బంతి, ఫ్రెంచ్ బంతి: రెండు జాతులా, ఒకటేనా?

పెరటిమొక్క: స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో వీటికి వేరువేరు పేర్లు పెట్టాడు. ఆఫ్రికన్ బంతి టాజెటిస్ ఎరెక్టా, ఫ్రెంచ్ బంతి టాజెటిస్ పాటులా. ఇప్పుడు లండన్‌లోని క్యూ వృక్షోద్యానం వాళ్ల ఆన్‌లైన్ జాబితాలో పాటులాని ఎరెక్టాలో కలిపేశారు. ఒకటి నడుమెత్తు పెరిగి ముద్దగా పూస్తుంది, రెండోది మూరెడు కూడా లేకుండా గుబురుగా, ఎర్రటి మరకలతో పూస్తుంది. ఇవి ఒకటెలా అవుతాయి?

ఆకుచాటు: ఎత్తూ పువ్వు సైజూ చూసి జాతి తేల్చలేం. రెండూ మెక్సికో నుంచి వచ్చినవే, తరతరాలుగా మనుషులు ఏరి పెంచినవే. ఆఫ్రికన్ బంతిలోనూ పొట్టి రకాలున్నాయి. ఉత్తర అమెరికా వృక్షజాల గ్రంథం కూడా రెంటినీ కలిపే చూపింది.

జన్యుపిచ్చి: తేడా బయట కాదు, కణంలో వెతకండి. ఎరెక్టాకి 24 క్రోమోజోములు, పాటులాకి 48. రెంటినీ సంకరం చేస్తే 36 వస్తాయి, అంటే పన్నెండేసి చొప్పున మూడు సెట్లు. పుప్పొడి, అండాలు తయారయ్యేటప్పుడు జతలు కుదరవు, కాబట్టి విత్తనం దాదాపు కట్టదు. ట్రిప్లాయిడ్ బంతి అని అమ్మేది దీన్నే. గింజ కట్టే పని లేదు కాబట్టి అలా పూస్తూనే ఉంటుంది! సంకరం గొడ్డుపోతుంటే ఒకే జాతి అని ఎలా అంటారు?

ఆకుచాటు: ఒకే జాతిలో రెండు సెట్ల మొక్కలు, నాలుగు సెట్ల మొక్కలు ఉండటం వృక్షశాస్త్రంలో మామూలే.

జన్యుపిచ్చి: సొంత సెట్లే రెట్టింపైతే ఆ మాట ఒప్పుకుంటా. పాటులా సంగతి అది కాదు. ఎరెక్టా, సన్నాకు బంతి టెన్యుయిఫోలియా కలిసి పుట్టిందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. సగం వారసత్వం వేరే జాతిది అయితే దాన్ని ఎరెక్టా ఖాతాలో ఎలా వేస్తారు?

కూరపాదు: మీ గొడవ మీది, నాకు విత్తనాల ప్యాకెట్ టెన్షన్. బంతి వేర్లలోని ఆల్ఫా టెర్థైనైల్ అనే రసాయనం మట్టిలోని నులిపురుగుల్ని చంపుతుంది. ఆ పనికి ఎక్కువగా చెప్పేది ఫ్రెంచ్ బంతి రకాలే. కోళ్ల దాణాలో కలిపే ల్యూటిన్ అనే పసుపు రంగు పదార్థం కోసం వేసేది ఆఫ్రికన్ బంతి. రెంటి మీదా ఎరెక్టా అనే ఉంటే ఏం కొన్నట్టు?

ఆకుచాటు: రకం పేరు చూసుకోండి. క్యాబేజీ, కాలీఫ్లవర్ ఒకే జాతి, ఒకటి కొనబోయి ఇంకోటి ఎవరూ తెచ్చుకోవట్లేదుగా.

కూరపాదు: అవి కంటికి కనిపిస్తాయండీ. బంతి గింజలు ప్యాకెట్లో అన్నీ ఒకేలా నల్లటి పుల్లలు.

పెరటిమొక్క: 36 లెక్క విన్నాక నేను జన్యుపిచ్చి గారి వైపే. నా మొక్కల పట్టీలో పాటులా విడిగానే ఉంటుంది.