కథాచ్ఛలేన: ఆ చ్ఛ ఒత్తు, ఫేబుల్‌కి తెలుగు మాట

శ్రీకాకుళం నుంచి: హితోపదేశం ప్రస్తావనలో "...బాలానాం నీతిస్తదిహ కథ్యతే" అని ముగిసే శ్లోకంలో ఉన్నది కథాఛలేనా, కథాచ్ఛలేనా? జంతువులు మాట్లాడే కథను ఇంగ్లీషులో ఫేబుల్ అంటారు కదా, దానికి 'నీతికథ' అన్న మాట సరిపోవడం లేదు. నాకు కావలసిన అర్థం ఆ 'ఛలం'లో ఉందనిపిస్తోంది.

విజయనగరం నుంచి: పూర్తి శ్లోకం ఇది, మాస్టారూ.
యన్నవే భాజనే లగ్నః సంస్కారో నాన్యథా భవేత్
కథాచ్ఛలేన బాలానాం నీతిస్తదిహ కథ్యతే
(కొత్త పాత్రకు అంటిన గుణం మారదు, అందుకే కథాచ్ఛలంతో ఇక్కడ పిల్లలకు నీతి చెబుతున్నాం అని.)
హ్రస్వం మీద ఛకారం వస్తే తుగాగమం, అంటే నడుమ త్ చేరి చ్ఛ కావడం, నిత్యం. దీర్ఘం పదాంతమైతే వికల్పం: పాణిని సూత్రం 'పదాన్తాద్వా' (6.1.76). సమాసంలో 'కథా' పదమే కాబట్టి రెండు రూపాలూ సాధువులే. ఛందస్సు తీర్పు చెప్పదు, 'థా' ఎలాగూ గురువే. నా ఓటు ఒత్తుకే.

టెక్కలి నుంచి: ఒత్తు సరే, అర్థం మాటేటి? న్యాయశాస్త్రంలో, అంటే తర్కంలో, ఛలమంటే ఎదుటివాడి మాటను వక్రించడం. 'నవ' అంటే కొత్త అనీ, తొమ్మిది అనీ. 'నవకంబళోయం' అంటే కొత్త కంబళి గలవాడని చెబితే, తొమ్మిది కంబళ్లెక్కడున్నాయని అడగడం వాక్ఛలం. ఇక్కడ ఆ అర్థం పొసగదు. ఎలుక మాట్లాడదని చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. మోసం లేదు, నెపమే ఉంది. కథానెపం, కథామిష అనుకోవాలి.

బొబ్బిలి నుంచి: ఛలం కన్నా చిక్కు 'నీతి'తో ఉందండీ. హితోపదేశంలో విష్ణుశర్మ ఈ కథలు చెప్పింది సుదర్శనుడనే రాజు కొడుకులకు, అంటే రాజనీతి. మిత్రభేదంలో సంజీవకుడనే ఎద్దును పింగళకుడనే సింహం చంపేస్తాడు, ఇద్దరికీ తగవు పెట్టిన నక్క దమనకుడు హాయిగా ఉంటాడు. దాన్ని ఇవాళ్టి 'నీతికథ' అంటే పిల్లాడు నేర్చుకునేదేమిటి? ఈసపు కథకి నీతికథ నప్పుతుంది, మిత్రభేదానికి నప్పదు. 'అదంతా ఫేబుల్' అని కొట్టిపారేసినప్పుడు కట్టుకథ, పుక్కిటి పురాణం. నాటకం గురించి పాత ఇంగ్లీషులో వాడితే ఇతివృత్తం. మూడింటికీ ఒకే మాట వెతికితే మూడూ చెడతాయి. లాటిన్ ఫాబులా కూడా 'మాట్లాడు' ధాతువు నుంచే, మన కథ 'కథ్' నుంచి వచ్చినట్టే. మనుషులే పాత్రలైన పారబుల్‌ని ఇందులో కలపకండి, అది దృష్టాంతం.

రాజాం నుంచి: ఈ కథల్నే తెలుగులో రాసి చిన్నయసూరి 1853లో నీతిచంద్రిక అన్నాడు గానీ కథాచంద్రిక అనలేదు, గమనించారా? ఆయన రాసినవి మిత్రలాభం, మిత్రభేదం రెండే. మిగతా భాగాలు విగ్రహం, సంధి తరువాత వీరేశలింగం గారు రాశారు. 'అస్తి గోదావరీతీరే విశాలః శాల్మలీతరుః' అని మూలంలో ఉన్న చోట తెలుగులో బూరుగుచెట్టు అనగానే ఎంత బాగుంటుంది! కథలోని కాకి లఘుపతనకం ఆ కొమ్మ మీద వాలినట్టే ఉంటుంది.

టెక్కలి నుంచి: సూరి అన్నాక వాడుకభాష కోసం పోరాడిన మన గిడుగు వారిని తలవకపోతే ఎలా? పర్వతాలపేటలో పుట్టిన మనిషి. సూరి బాలవ్యాకరణం (1858) ఒప్పని రూపాలు గ్రాంథికవాదుల రాతల్లోనే ఎన్ని ఉన్నాయో ఉదాహరణలతో చూపించారు. ఆయన దారిలో పోతే జనం నోట ఉన్న మాటే తీసుకోవాలి. నా సూచన 'పిట్టకథ'.

విజయనగరం నుంచి: ఒప్పుకోను. పిట్టకథ హరికథలోదండీ. అసలు కథ ఆపి నడుమ చెప్పే చిన్న కథ, అందులో పిట్ట ఉండాలని లేదు, నీతీ ఉండాలని లేదు. హరికథకు పేరెన్నికగన్న అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) గారి ఊళ్లో ఈ మాట అర్థం మారిస్తే ఎవరూ ఊరుకోరు. అచ్చతెలుగు కోసం అంతగా పరితపించిన కవి ఇంకొకరేరీ?

టెక్కలి నుంచి: పిట్ట అంటే పక్షి అని నేనెక్కడన్నాను, మాస్టారూ? పిట్టగోడలో ఏ పక్షి ఉంది? అక్కడ పిట్ట అంటే పొట్టి. పిట్టకథా అంతే.

బొబ్బిలి నుంచి: అయితే పిట్టగోడ మీద పిట్టలు వాలడం వల్ల ఆ పేరు రాలేదని ముందు రుజువు చెయ్యండి. పాత ప్రయోగం ఒక్కటి చూపించినా చాలు.