పెద్ద ఎలిమెంట్లు వేయించాక స్లో నిలవడం లేదు: స్క్రూ తిప్పినా ఫలితం లేదు

ప్రశ్న (లారీ యజమాని):
నమస్కారమండీ. మాది 2003 నాటి టాటా 1613 లారీ. ఇంజను కమిన్స్ 6బీటీ, డీజిల్ పంపు ఇన్‌లైన్ రకం, గవర్నర్ (ఇంజను వేగాన్ని అదుపులో ఉంచే భాగం) ఆర్‌ఎస్‌వీ రకం అని పంపు మేస్త్రీ చెప్పారు. ఘాట్ రోడ్డులో లోడుతో లాగడం లేదని గత నెల పంపు దింపించి, ఒక సైజు పెద్ద ఎలిమెంట్లూ (డీజిల్‌ను ఒత్తిడితో నెట్టే ప్లంజర్లు) కొత్త డెలివరీ వాల్వులూ వేయించి, బెంచి (పంపును విడిగా తిప్పి పరీక్షించే యంత్రం) మీద కాలిబ్రేషన్ చేయించాము. లాగుడు బాగానే వచ్చింది గానీ బండి స్లోలో (పెడల్ తొక్కనప్పటి వేగంలో) నిమిషానికి 950 చుట్ల దగ్గర తిరుగుతోంది. స్లో స్క్రూ నాలుగు చుట్లు వెనక్కి తిప్పినా తేడా లేదు. పంపు లివరును చేత్తో వెనక్కి నొక్కి పట్టుకుంటే మాత్రం తగ్గుతుంది, అప్పుడేమో హంటింగ్ (వేగం పెరుగుతూ తగ్గుతూ ఊగడం) మొదలై ఒక్కోసారి ఆగిపోతోంది. షాపువారు ఇచ్చిన షీటులో స్లో 300 అని ఉంది. పొరపాటు ఎక్కడుందో చెప్పగలరా?

సమాధానం (పంపు మేస్త్రీ):
ముందుగా ఆ 300 సంగతి. బెంచి షీటులో రాసేవి పంపు తిరిగే చుట్లు. నాలుగు స్ట్రోకుల ఇంజనులో పంపు ఇంజను వేగంలో సగమే తిరుగుతుంది కనుక అది ఇంజను లెక్కలో 600 అవుతుంది. కాబట్టి ఆ అంకె తప్పు కాదు.

మీరు రాసినదాంట్లోనే ఒక జవాబు ఉంది. లివరును చేత్తో నొక్కితే వేగం తగ్గుతోందంటే, పెడల్ మీద కాలు లేనప్పుడు కూడా లివరు స్లో స్క్రూకి ఆనడం లేదన్నమాట. దాన్ని పట్టి ఉంచుతున్నది యాక్సిలరేటర్ కేబులో, లింకు రాడ్డో అయి ఉంటుంది. పంపు దింపి ఎక్కించినప్పుడు కేబుల్ క్లాంపు పాత చోట కాకుండా కాస్త ముందుకు బిగిస్తే చాలు, ఇలాగే జరుగుతుంది. కేబుల్‌ను లివరు దగ్గర పూర్తిగా విడదీసి, లివరుకీ స్క్రూ కొసకీ మధ్య పలుచని కాగితం ముక్క పెట్టి లాగి చూడండి. కాగితం పట్టేసినట్లు ఉంటే లివరు ఆనినట్లే. కేబుల్ తిరిగి తగిలించాక కూడా కాగితం అలాగే పట్టాలి. స్టాప్ కేబుల్ కూడా పూర్తిగా వెనక్కి వస్తోందో లేదో చూడండి, అది సగంలో నిలిచిపోతే డీజిల్ తగ్గి ఇంజను ఆగిపోవచ్చు.

ఇక హంటింగ్. చాలామంది దీనికి స్లో పెంచి సరిపెట్టుకుంటారు, నా దృష్టిలో అది రోగం దాచిపెట్టడమే. పాత ఎలిమెంట్లతో ర్యాక్ (డీజిల్ కొలతను మార్చే కడ్డీ) ఒక మిల్లీమీటరు జరిగితే వెళ్లే డీజిల్ కంటే ఇప్పుడు అదే మిల్లీమీటరుకు ఎక్కువ వెళ్తోంది, కానీ గవర్నర్ గుండ్లూ స్ప్రింగులూ పాతవే గనుక వేగం కొంచెం తగ్గగానే అవి మునుపటంత దూరమే ర్యాక్‌ను జరిపి, అవసరానికి మించి డీజిల్ ఇచ్చి, వేగం పెరగగానే మళ్లీ అవసరానికి మించి తగ్గిస్తాయి. ఊగడానికి ఇది ఒక కారణం. ఇంతకంటే మామూలు కారణం డీజిల్ దారిలో గాలి పట్టడం. ఫిల్టరు దగ్గరి బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, బుడగలు లేకుండా నిండు డీజిల్ వచ్చేదాకా హ్యాండ్ ప్రైమర్ కొట్టండి, పాత రాగి వాషర్లను తిరిగి వాడి ఉంటే మార్చేయండి.

ఆర్‌ఎస్‌వీ గవర్నర్‌లో స్లో స్క్రూ కాక, వెనుక మూతలో స్లోలో ఊగడాన్ని ఆపే బంపర్ స్ప్రింగు స్క్రూ మరొకటి ఉంటుంది. దాన్ని ముందు బాగా వెనక్కి తీయండి. ఇంజను పూర్తిగా వేడెక్కాక, బ్రేకు ట్యాంకులు నిండి కంప్రెసర్ లోడు దిగాక, స్లో స్క్రూతో మీకు కావలసిన వేగానికి 20 నుంచి 30 చుట్లు తక్కువలో నిలపండి. తర్వాత బంపర్ స్క్రూను కొద్దికొద్దిగా లోపలికి తిప్పుతూ వేగం కావలసిన అంకెకు వచ్చి ఊగడం ఆగిన చోట లాక్ నట్ బిగించండి. ఒక్కొక్క మార్పు తర్వాత యాక్సిలరేటర్ ఒకసారి తొక్కి వదిలి, అదే అంకెకు తిరిగి వస్తోందో లేదో చూడాలి. బంపర్ స్క్రూను అవసరానికి మించి లోపలికి తిప్పితే ఇంజను అదుపు తప్పి పరుగెత్తే ప్రమాదం ఉంది, ఆ విషయంలో జాగ్రత్త. సీసం సీలు ఉన్న గరిష్ఠ వేగపు స్క్రూ జోలికి అసలే పోవద్దు.

స్టార్టు చేసే ముందు చక్రాలకు కట్టెలు పెట్టి, స్టాప్ లివరును చేత్తో ఆడించి చూసి, ఇంజను అదుపు తప్పితే ఎయిర్ పైపు మూయడానికి ఒక మనిషిని చదునైన చెక్కతో నిలబెట్టండి. చెయ్యి అడ్డం పెట్టకూడదు.

మరొక సభ్యుడు (ఆటోనగర్‌లో ఇంజను పని):
డ్యాష్‌బోర్డు మీటరును నమ్మి సెట్ చేయవద్దని నా మనవి. అది ఆల్టర్నేటర్ నుంచి సంకేతం తీసుకునే రకమైతే, పుల్లీ మార్చిన బండిలో అంకె తప్పుతుంది. క్రాంకు పుల్లీకి మెరిసే టేపు ముక్క అంటించి లైటుతో కొలిచే టాకోమీటరు వాడండి. నూనె ఒత్తిడి కూడా చూసుకోండి, ఈ ఇంజనుకు స్లోలో కనీసం 10 పీఎస్‌ఐ ఉండాలి. అలాగే పంపు ఎక్కించాక గవర్నర్‌లో ఇంజను ఆయిలు పోశారా? ఆర్‌ఎస్‌వీకి 450 మిల్లీలీటర్లు పోసి గాని మొదటిసారి స్టార్టు చేయరాదు.

ప్రశ్న వేసినవారు, నాలుగు రోజుల తర్వాత:
మీరు చెప్పినట్లే జరిగిందండీ. కేబుల్ విడదీయగానే లివరు టక్కున స్క్రూకి వచ్చి ఆనింది. కేబుల్ తొడుగు కొస క్లాంపులో వేలెడు ముందుకు బిగించి ఉంది, దాన్ని సరిచేశాము. రెండు రాగి వాషర్లు మార్చి, బంపర్ స్ప్రింగు చూసుకుంటూ 620లో నిలిపి 650కి తెచ్చాము. హంటింగ్ పోయింది. ఆయిలు పోశారని షాపువారు నిర్ధారించారు. అయితే వేడి మీద క్యాబిన్ సన్నగా వణుకుతోంది. దీనికి స్లో ఇంకో 50 పెంచవచ్చా?

సమాధానం (పంపు మేస్త్రీ):
పెంచవద్దు. పెంచితే వణుకు తెలియదు గానీ ఫస్ట్ గేరు వేసేటప్పుడు గరగరమంటుంది, డీజిల్ కూడా దండగ. ఆ వణుకు ఒక సిలిండరు వెనకబడడం వల్ల రావచ్చు. స్లోలో నడుస్తుండగా ఒక్కొక్క నాజిల్ పైపు నట్టును గుడ్డ కప్పి అర చుట్టు వదులు చేసి, ఇంజను శబ్దం పడిపోతోందో లేదో వినండి. పడిపోనిది బలహీనమైన సిలిండరు. చిమ్మే డీజిల్ చర్మంలోకి చొచ్చుకుపోతుంది కనుక వేళ్లు దూరంగా ఉంచండి.

ప్రశ్న వేసినవారు:
నాలుగో సిలిండరు నట్టు వదులు చేసినా శబ్దంలో తేడా రాలేదండీ. నాజిల్ మార్చి చూశాము, అదే పరిస్థితి.

సమాధానం (పంపు మేస్త్రీ):
అయితే పంపు మళ్లీ బెంచి ఎక్కవలసిందే. ఫుల్ లోడులో ఆరు ఎలిమెంట్లూ సమానంగా ఇచ్చేలా సరిచేసి, స్లో వేగంలో కొలవకుండా వదిలేసి ఉంటారు. స్లోలో వెళ్లేది బహు కొద్ది డీజిల్ కాబట్టి చిన్న తేడా కూడా అక్కడ పెద్దదిగా కనబడుతుంది. పంపు 300 చుట్లలో ఆరు గాజు గొట్టాల్లోనూ ఎంతెంత పడిందో విడివిడిగా రాసి ఇమ్మని అడగండి. వీలైతే కొలిచేటప్పుడు పక్కన నిలబడి చూడండి. ఫుల్ లోడు డీజిల్ కూడా అప్పుడే కాస్త తగ్గించమనండి, పొగ పరీక్షలో మీ బండికి పరిమితి 65 హెచ్‌ఎస్‌యూ (పొగ దట్టాన్ని కొలిచే ప్రమాణం).