బడి ఎదురు కొట్లో ఎనర్జీ డ్రింకులు: ఫిర్యాదు ఏ నిబంధన కింద పెట్టాలి?

ప్రశ్న: హైస్కూలు గేటు ఎదురుగా ఉన్న కిరాణా కొట్లో 250 మి.లీ. ఎనర్జీ డ్రింకులు అమ్ముతున్నారు. తొమ్మిదో తరగతి పిల్లలు రోజుకు రెండేసి లాగించేస్తున్నారు. పిల్లలు తాగకూడదని సీసా మీదే రాసి ఉంది కదా, అమ్మడం నేరం కాదా అండీ?

జవాబు: ఆ ఒక్క వాక్యం పట్టుకుంటే కేసు నిలబడదండీ. అది కంపెనీ లేబుల్ మీద వేయాల్సిన హెచ్చరిక, కొట్టు యజమానికి పెట్టిన నిషేధం కాదు. మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వీటిని ‘కెఫినేటెడ్ బెవరేజ్’ (కెఫీన్ కలిపిన పానీయం) కింద లెక్కేస్తుంది. లీటరుకు కెఫీన్ 145 మి.గ్రా. నుంచి 300 మి.గ్రా. లోపు ఉండాలి. పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు తాగవద్దని, రోజుకు 500 మి.లీ. దాటవద్దని రాయాలి. కొనేవాడి వయసు చూడమని మాత్రం ఆ ప్రమాణంలో లేదు. లిథువేనియా 2014లో, పోలండ్ 2024లో 18 ఏళ్ల లోపువారికి అమ్మకమే ఆపేశాయి. నా దృష్టిలో మన నిబంధనలో పెద్ద లోటు ఇదే.

మీకు అక్కరకొచ్చేవి బడి పిల్లల ఆహారంపై 2020లో వచ్చిన నిబంధనలు. చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువున్న సరుకు బడి లోపల, గేటు నుంచి 50 మీటర్ల లోపల అమ్మకూడదు. అందులో కెఫీన్ ప్రస్తావన లేదు కాబట్టి ఫిర్యాదులో చక్కెర గురించే రాయండి. లేబుల్ మీద చక్కెర ఎంతో కనిపించేలా ఫొటో తీయండి, గేటు నుంచి కొట్టుకు దూరం టేపుతో కొలిచి రాయండి.

అడిగినవారు: రెండు సీసాలు నిజంగా అంత ప్రమాదమా?

ఇంకొకరి జవాబు: లెక్క చూడండి. లేబుల్ మీద 100 మి.లీ.కి కెఫీన్ 29 మి.గ్రా. ఉంటే ఒక సీసాలో 72.5, రెండింటిలో 145 మి.గ్రా. పిల్లలకు రోజుకు కిలో బరువుకు 3 మి.గ్రా. దాటకపోతే మంచిదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. 45 కిలోల కుర్రాడికి అది 135. అంటే 500 మి.లీ. హద్దులోనే ఉన్నా వాడు పరిమితి దాటేశాడు, ఇంట్లో తాగే టీ, కాఫీ వేరే. గుండె దడ, చేతుల వణుకు, వాంతులు కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించి, ఎన్ని తాగాడో చెప్పండి.

మొదటి జవాబిచ్చినవారు: ఫిర్యాదు ‘ఫుడ్ సేఫ్టీ కనెక్ట్’ యాప్‌లో పెట్టొచ్చు, జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారికి రాతపూర్వకంగానూ ఇవ్వొచ్చు. చాలామంది సీసా ముందువైపు ఫొటో ఒక్కటే పెడతారు, దానితో పని ముందుకు కదలదు. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, 14 అంకెల లైసెన్సు నంబరు, కొట్టు చిరునామా కావాలి. బిల్లు ఉంటే ఇంకా మంచిది. మూత తీసిన సీసా పరీక్షకు ఇస్తే లాభం లేదు, బయట ఏదో కలిసిందంటారు.

కెఫీన్ మోతాదు మీదే అనుమానముంటే 2006 ఆహార భద్రతా చట్టం 40వ సెక్షన్ కింద మీరే ఫీజు కట్టి ఫుడ్ అనలిస్టుతో (ఆహార నమూనాలు పరీక్షించే అధికారి) పరీక్ష చేయించుకోవచ్చు. అయితే కొనేటప్పుడే, పరీక్షకు పంపుతున్నానని కొట్టు యజమానికి చెప్పాలి. తేడా తేలితే ఫీజు వాపసు ఇస్తారు.

ఇంకొకరు: విదేశీ టిన్నులు కూడా చూడండి. అమెరికాలో అమ్మే 473 మి.లీ. టిన్నులో కెఫీన్ 160 మి.గ్రా. ఉంటే లీటరుకు 338 పడుతుంది, అంటే మన 300 దాటినట్టే. దిగుమతిదారు పేరు, లైసెన్సు నంబరుతో స్టిక్కర్ లేకపోతే ఆ టిన్ను గురించి విడిగా ఇంకో ఫిర్యాదు పెట్టండి.