గుంపులోకి వచ్చిన గెలాక్సీలో నక్షత్రాల పుట్టుక ఎలా ఆగుతుంది?

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. వచ్చే వారం సెమినార్ ఉంది, ఒక చోట ఇరుక్కుపోయి టెన్షన్‌గా ఉంది.

గెలాక్సీలు కిక్కిరిసిన చోట స్పైరల్స్ (సుడి ఆకారపు గెలాక్సీలు) తక్కువని 1980లో అలన్ డ్రెస్లర్ చూపించారు. కారణాల్లో ఒకటి 1972లో గన్, గాట్ చెప్పిన రామ్ ప్రెషర్. క్లస్టర్‌లో (గెలాక్సీల గుంపులో) నిండిన కోట్ల డిగ్రీల వాయువులోంచి గెలాక్సీ దూసుకెళ్తుంటే, ఆ ఎదురుగాలికి నక్షత్రాలు పుట్టడానికి కావాల్సిన దాని చల్లటి వాయువు ఊడిపోతుంది. ఇంతవరకు అర్థమైంది.

కానీ నోర్మా క్లస్టర్‌లోని ఈఎస్ఓ 137-001 అనే గెలాక్సీని హబుల్ టెలిస్కోప్ తీసిన ఫోటో చూడండి. డిస్క్ వెనక సన్నటి నీలం చారలు, తడి జుట్టు పాయల్లా. అవన్నీ కొత్త నక్షత్రాలే! వాయువు పోగొట్టుకుంటున్న గెలాక్సీ తోకలో అవెలా పుడుతున్నాయి? ఒత్తిడికి వాయువు నలిగి, పుట్టుక ముందు పెరిగి తర్వాత ఆగుతుందా?

ఇంకొకటి. బయటి నుంచి కొత్త వాయువు రాకపోయినా, కాలువ కట్టేసిన చెరువులా గెలాక్సీ మెల్లగా ఎండిపోతుందట. ఏదైనా గెలాక్సీని చూసి ఈ రెండిట్లో ఏది జరిగిందో ఎలా చెప్తారు? వాయువు డిస్క్ అంచులు తెగిపోయి ఉంటే రామ్ ప్రెషర్, అంతటా పలచబడితే రెండోది అనుకోవచ్చా? రెండూ కలిసి జరిగితే?

ఈ రంగంలో పనిచేసేవారు ఎవరైనా ఉంటే దయచేసి వివరించండి.