నాటకాల సాయంత్రం, రెండో భాగం (కొంకణి): ఎవరు ఏ పని తీసుకుంటారు?

కల్చరల్ కోఆర్డినేటర్:
అందరికీ నమస్కారం. మన నాటకాల సాయంత్రం రెండో భాగం ఇక్కడ కువైట్‌లో ఉన్న గోవా మిత్రులతో కలిసి చేద్దామని మీటింగులో ఒప్పుకున్నాం కదా, విషయం తేలింది. రెజీనా ఫెర్నాండిస్. కొంకణి తియాత్ర్‌లో, అంటే గోవా వాళ్ల పాటల నాటకంలో, వేషం కట్టిన మొదటి ఆడమనిషి ఆవిడే.

తియాత్ర్ పుట్టింది గోవాలో కాదు, బొంబాయిలో. 1892 ఏప్రిల్ 17న న్యూ ఆల్ఫ్రెడ్ థియేటర్లో లుకాసిన్హో రిబేరో ‘ఇటాలియన్ భుర్గో’ ఆడించాడు. చూసిందెవరంటే పొట్ట చేతపట్టుకుని ఊరొదిలి వచ్చినవాళ్లు: వంటవాళ్లు, ఓడల్లో పనిచేసేవాళ్లు, ఆయాలు. ధోబీ తలావ్ చుట్టుపక్కల ఊరికో ‘కూడ్’, అంటే ఆ ఊరివాళ్లంతా కలిసి ఉండే బస, ఉండేది. ఒకే పెద్ద గది, గోడల వెంట వరసగా ట్రంకు పెట్టెలు, ఒక మూల దేవుడి పీఠం, మధ్యలో చాపలు. కువైట్‌లో బ్యాచిలర్ రూముల్లో ఉన్నవాళ్లకి దీన్ని నేను విడమరచి చెప్పక్కర్లేదు.

మొదటి పన్నెండేళ్లు ఆడవేషాలన్నీ మగవాళ్లవే. 1904లో జువావ్ అగొష్టిన్హో ఫెర్నాండిస్ ‘బాట్కారా’ వేసినప్పుడు రెజీనా స్టేజి ఎక్కింది. ఆవిడ ఆయన భార్య. భూస్వామికీ, అతని జాగాలో ఇల్లు వేసుకుని బతికే ముండ్కారుకీ నడిచే కథ అది. ఆయన్ని ‘పై తియాత్రిస్ట్’ అంటారు, తియాత్ర్‌కి తండ్రి అని. మడగావ్ రవీంద్ర భవన్‌లో హాలుకి ఆయన పేరే పెట్టారు. ఆవిడ పేరేమో ఎక్కడ చూసినా ‘ఫలానా వారి భార్య’ అన్న మాట వెనకే వస్తోంది. మన పోస్టర్ మీద అలా వద్దు. పెద్దక్షరాల్లో రెజీనా, అంతే.

సౌండ్ (కడప తమ్ముడు):
అక్కా, గోవా అంటే గాయని లోర్నా కదా! ఆమె పాటలు పెడితే జనం కుర్చీల్లో కూర్చోరు. రెజీనా ఎవురో ఎవురికి తెలుసు?

కల్చరల్ కోఆర్డినేటర్:
లోర్నా అంటే నాకూ ప్రాణమే తమ్ముడూ. కానీ ఆవిడ దారి వేరు. బొంబాయి నైట్‌క్లబ్బుల్లో క్రిస్ పెర్రీ బ్యాండుతో పాడింది, రికార్డులు ఇచ్చింది, ఇరవై ఏళ్లకి పైగా మాయమై 1995లో పణజిలో మళ్లీ మైకు పట్టుకుంది. అదొక్కటే ఒక సాయంత్రం అవుతుంది. జనం లోపలికి వచ్చేటప్పుడూ, టీ బ్రేకులోనూ ఆవిడ పాటలు నువ్వే వెయ్యి. స్టేజి మీద మాత్రం తియాత్రే.

డాన్స్ టీచరు:
మా పిల్లలు మాండో, అదే గోవా పాట-నాట్యం, రెడీగా ఉన్నారండీ. పానో బాజు డ్రస్సులు, చేతిలో విసనకర్రలు, చాలా బాగుంటుంది. ఇరికించవచ్చా?

కల్చరల్ కోఆర్డినేటర్:
బాగుంటుంది టీచరుగారూ, కాదనను. కానీ మాండో కలిగినవాళ్ల పెద్ద ఇళ్లలో, పెళ్లిళ్లలో పెరిగింది. తియాత్ర్ కూలీనాలీ జనంది. రెండూ కలిపితే గోవా వాళ్లు మర్యాదకి చప్పట్లు కొట్టి బయటికెళ్లి నవ్వుకుంటారు. మాండోని మొదటి భాగం చివర పెట్టుకుందాం. ఇంకో సంగతి: సినిమాల్లో గోవా అమ్మాయంటే పొట్టి గౌను, పక్కన సీసా పట్టుకున్న నాన్న. అలాంటి కామెడీ బిట్టు ఎవరైనా రాసుకుని ఉంటే ఇప్పుడే చింపెయ్యండి.

సౌండ్ (కడప తమ్ముడు):
సరే గానీ అక్కా, ఇది వింటాంటే మా సురభి గుర్తొచ్చాంది. 1885లో మా జిల్లాలోనే కదా ‘కీచకవధ’తో మొదలైంది. ఇంటిల్లిపాదీ నటులే, ఆడవేషాలు ఇంట్లో ఆడోళ్లే కట్టినారు. బయట పెద్ద పెద్ద నాటకాల్లో ఆ తర్వాత చానా ఏండ్లు మగోళ్లే. స్థానం నరసింహారావు సత్యభామగా వస్తే ఆడోళ్లే నోరెళ్లబెట్టి చూసినారంట.

కల్చరల్ కోఆర్డినేటర్:
నువ్వు సౌండ్ బాక్సుల దగ్గర ఉండాల్సినవాడివి కాదు! ఇదే మన వ్యాఖ్యానానికి వెన్నెముక. అక్కడ రెజీనా, ఇక్కడ సురభి ఆడవాళ్లు ఇంటి కంపెనీ ద్వారానే స్టేజి మీదికొచ్చారు. తోడుగా మొగుడో తండ్రో ఉంటేగానీ లోకం నోరు మూయదు. ఆ రోజుల్లో నాటకాలాడే ఆడదాన్ని ఏమనేవాళ్లో మన అమ్మమ్మల్ని అడగండి. సురభి కమలాబాయి స్టేజి మీద పెరిగి, 1932లో ‘భక్త ప్రహ్లాద’ సినిమాలో లీలావతి అయింది. ఆవిడ గురించి ఒక నిమిషం నువ్వే మాట్లాడు, మీ యాసలోనే.

భోజనాల అక్క (రాజోలు):
ఆయ్, నాదో చిన్న డౌటండి. ఇదంతా ఉపన్యాసమాండి? పోయినేడు స్లైడ్లు ఏసినప్పుడు జనం అంతా బిర్యానీ లైన్లోకొచ్చేశారు. నాకు గంట ముందే గిన్నెలు ఖాళీ అయిపోయినియ్యి.

కల్చరల్ కోఆర్డినేటర్:
స్లైడ్లు లేవక్కా. తియాత్ర్ పద్ధతిలోనే చేద్దాం. వాళ్ల నాటకం ఆరేడు ‘పొర్‌ద్యా’లుగా, అంటే అంకాలుగా, ఉంటుంది. ఒక పొర్‌దో అవగానే తెర పడుతుంది, గాయకుడో గాయనో తెర ముందుకొచ్చి ‘కాంతార్’ అనే పాట అందుకుంటారు. దానికీ కథకీ సంబంధం ఉండదు. ఒంటరి పాట, ఇద్దరి పాట, ముగ్గురి పాట, కింద ట్రంపెట్, సాక్సఫోన్, డ్రమ్స్. వెనకాల బల్లలు ఈడుస్తున్న చప్పుడు వినపడుతూనే ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. పాటలో ఎవరినైనా గట్టిగా దెప్పితే జనం ఈలలేసి మళ్లీ పాడిస్తారు. తియాత్ర్‌లో ఆడమనిషికి నటన ఒక్కటే వస్తే చాలదు. ఏడుపు సీను ముగించి, కళ్లు తుడుచుకుని, బ్యాండు ముందు నిలబడి గొంతు విప్పాలి. మన జనానికి ఆవిడ పని ఎంత కష్టమో తెలియాలంటే అది కళ్లముందు జరగాలి.

కాబట్టి మూడు చిన్న సీన్లు, మధ్యలో రెండు కాంతార్లు. సీన్లు తెలుగులో మనవాళ్లు, పాటలు కొంకణిలో సాల్మియా నుంచి వచ్చే గోవా బృందం. సీన్లు రాసేవాళ్లకి ఒక్కటే షరతు: రెజీనా నోట కల్పించిన డైలాగులు వద్దు. కూడ్ జీవితం, ఆడవేషం కట్టే మగవాడి తిప్పలు, మొదటిసారి ఆడమనిషి వచ్చినప్పుడు హాల్లో గుసగుసలు, ఇవి చాలు.

స్టేజి అన్న:
మంచిగుంది. మరి దెప్పుడు పాట దేని మీద? ఇక్కడ రాజకీయాలు ముట్టుకోవద్దు, తర్వాత హాలు దొరకదు.

కల్చరల్ కోఆర్డినేటర్:
అస్సలు వద్దన్నా. రూము అద్దెలు, వీసా పేరు చెప్పి డబ్బు నొక్కే ఏజెంట్లు, ఇంట్లో ‘ఇంకొంచెం పంపు’ అనే బావమరుదులు. గోవా వాళ్లూ ఇవే అనుకున్నారట! కష్టాలు ఒకటే.

భోజనాల అక్క (రాజోలు):
బావమరిది పాటప్పుడు మా ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టండి. బిర్యానీ మాత్రం రెండో కాంతార్ అయ్యాకే తెరుస్తానండి, చెప్పేశాను.

స్టేజి అన్న:
సరే నా లెక్క ఇది. స్కూలు హాలు తెర కరెంటుతోని నడుస్తది, మెల్లగ పడతది, ఈ ఆటకు పనికిరాదు. తాడు తెర ఇంకొకటి ముందు కడతా. గాయనికి తెర ముందు ఐదడుగుల జాగ ఉండాలె, మైకు స్టాండు అక్కడ్నే. బ్యాండు స్టేజి కింద, ఎడమ పక్క. శుక్రవారం జుమ్మా అయినంక నాలుగింటికి రిహార్సల్, తెర లాగేటాయన ఖాయంగ కావాలె.

సౌండ్ (కడప తమ్ముడు):
మా రూమ్మేటును పంపిస్తా అన్నా. మనిషి మంచోడే గానీ ఫోన్ చూస్తా కూర్చుంటాడు. ముందు అది లాక్కోండి.