కొమ్ముపని వదిలి ఉద్యోగానికి వెళ్తే తర్వాత బాధపడతానా?

మహేంద్రతనయ:
మాది పర్లాకిమిడి. నాన్న కొమ్ముబొమ్మలు చేస్తారు. కొమ్మును నిప్పు సెగకు మెత్తబరిచి, వంచి, ఆకురాయితో రుద్దితే కొంగ మెడ తేలుతుంది. ఆ పని నాకూ వచ్చు. విశాఖపట్నంలో లెక్కల గుమస్తా ఉద్యోగం వచ్చింది. వెళ్తే ముసలితనంలో ఏడుస్తానేమో!

గుణుపురం మాస్టారు:
చేరండి. మనసుకు నచ్చింది సాయంత్రాలు చేసుకోండి. గిడుగు రామమూర్తి గారు 1880లో మీ ఊళ్ళోనే రాజావారి బడిలో పంతులుగా చేరారు. పాఠాలు చెబుతూనే సవర భాష నేర్చుకున్నారు.

రాయగడ వాసి:
ఆయన 1911లో ఉద్యోగం వదిలేశారు. అది కూడా చెప్పండి.

గుణుపురం మాస్టారు:
వదిలేయలేదు. ముప్పై ఏళ్ళ సర్వీసు నిండాక విరమించారు.

రాయగడ వాసి:
స్వచ్ఛందంగా విరమించారు. అంటే వదలడమే.

బరంపురం కోడలు:
ఆ అబ్బాయి అడిగింది కొమ్ముపని గురించి కదా!

రాయగడ వాసి:
దాని గురించే చెబుతున్నానమ్మా. నేను బొమ్మలు వేసేవాణ్ణి. సాయంత్రాలు వేసుకోవచ్చులే అని నాన్న ఒక కర్మాగారంలో చేర్పించారు. గేటు దగ్గర లారీల నంబర్లు రాస్తూ ఇరవై రెండేళ్ళు గడిచాయి. ఇంటికొచ్చేసరికి కళ్ళు మూతలు పడేవి. రంగులు డబ్బాలోనే గడ్డకట్టాయి. సాయంత్రాలు ఉంటాయని ఎవరికీ ఆశ పెట్టకండి మాస్టారూ.

గుణుపురం మాస్టారు:
మీ సాయంత్రాలు పోవడానికి కారణం నేనా? మా తమ్ముడు నాటకాలంటూ వెళ్ళిపోయాడు. పక్షవాతంతో పడిపోయిన అమ్మను ఏడేళ్ళు ఎత్తి కూర్చోబెట్టింది నేను. ఆవిడ కోసం పదోన్నతి కాదనుకున్నాను. ఇష్టమైన పని చేశాను, ఏ చింతా లేదు అంటాడు వాడు. వాడి చింత కూడా నేనే మోశాను!

రాయగడ వాసి:
క్షమించండి. ఈ సంగతి నాకు తెలియదు. ఇంట్లో ఎవరు మిగలాలన్నదే మీ బాధ అయితే, గిడుగు వారి మీద ఇంతసేపు పోట్లాడటం అనవసరం.

బరంపురం కోడలు:
బాబూ, మీ ఇంట్లో ఇంకెవరున్నారు?

మహేంద్రతనయ:
నాన్న, నేను. ఆయనకు చూపు తగ్గింది. సంవత్సరంగా కొంగ కళ్ళకు బెజ్జాలు నా చేతే పెట్టిస్తున్నారు. ముందే చెప్పవలసింది.

గుణుపురం మాస్టారు:
నాన్నగారు ఏమన్నారు?

మహేంద్రతనయ:
ఉద్యోగం సంగతి ఇంకా చెప్పలేదండీ. సోమవారం చేరాలి.